మధ్యాహ్నం మూడున్నరకి ఆ వీధిలో ఎవరుంటారు?

(లండన్‌కి మారబోతున్న కుటుంబాల కోసం హైదరాబాద్ మియాపూర్‌లోని ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇటు పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లల్ని ఆపకండి, ఆడుకోనివ్వండి. మనం మాట్లాడేదంతా వాళ్ల గురించే.

ఇంకో ఆరు నెలల్లోపు వెళ్లేవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అందరూ లండనేనా? సరే. నేను అక్కడ పన్నెండేళ్లు ఉండి వచ్చాను. నాకు తెలిసింది ఆ ఊరే కాబట్టి దాని గురించే చెప్తాను.

ముందు ఇక్కడి మాట. మీరు మియాపూర్‌లో ఇల్లు ఎలా తీసుకున్నారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మంజీరా నీళ్లు వస్తాయా, ఎండాకాలం ట్యాంకర్లు కొనాలా అని అడిగారు. స్కూలు బస్సు గేటు దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీదే ఆపుతుందా అని అడిగారు. వాన పడితే ఈ రోడ్డు ఎట్లుంటది అని కింద ఇస్త్రీ బండి ఆయన్ని అడిగారు. 2020 అక్టోబరు వానలకి టోలిచౌకి నదీం కాలనీలో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయని మనకి తెలుసు కాబట్టి, చెరువు శిఖం ఎక్కడ, నాలా ఎక్కడ అని కూడా ఆరా తీశారు. అమ్మవాళ్లిల్లు ఎంత దూరం, మెట్రో ఎంత దూరం అని చూసుకున్నారు. ఇవి ఎవరూ మనకి నేర్పలేదు. ఊళ్లో ఉంటూ ఉంటూ ఒంటబట్టాయి.

అదే మనం లండన్‌లో ఇల్లు తీసుకునేటప్పుడు మూడే మూడు అంకెలు చూస్తాం. కిరాయి ఎంత, బెడ్‌రూములు ఎన్ని, ఆఫీసుకి ఎన్ని నిమిషాలు. ఇక్కడ ఇరవై ప్రశ్నలు అడిగిన మనిషే అక్కడ మూడింటితో సంతకం పెట్టేస్తాడు. తెలివి తక్కువై కాదు. అడగాల్సిన మిగతా ప్రశ్నలేంటో చెప్పే ఇస్త్రీ బండి ఆయన అక్కడ ఉండడు. అందుకే ఈ రోజు నేను వచ్చాను.

మేము 2009లో వెళ్లాం. మా అమ్మాయికి అప్పుడు ఐదో ఏడు. మావారు రెండు నెలలు ముందు వెళ్లి ఫ్లాట్ చూశారు. నది ఒడ్డున అద్దాల టవరు, పదకొండో అంతస్తు, ఆఫీసుకి పన్నెండు నిమిషాల నడక. ఫోటోలు చూసి ఇంట్లో అందరం మురిసిపోయాం. దిగిన మొదటి వారంలోనే నాకు అర్థమైంది. సాయంత్రం ఆరు దాటితే ఆ చుట్టుపక్కల మనిషి ఉండడు. శని ఆదివారాలు కాఫీ కొట్లు కూడా మూసేస్తారు. లిఫ్టులో ఒక్క పిల్ల కనబడేది కాదు. పాపకి సీటు వచ్చిన బడి రెండు బస్సులు మారితే గానీ రాదు. పొద్దున యాభై నిమిషాలు, మళ్లీ మధ్యాహ్నం యాభై నిమిషాలు, వాటికి నేను ఒక్కదాన్నే తిరిగొచ్చే బస్సులు కలుపుకోండి. నవంబరు వచ్చేసరికి నాలుగ్గంటలకే చీకటి. బస్సు అద్దం మీద నీటి బిందువులు, పాప నా ఒళ్లో నిద్ర. ఆ అద్దాల ఇంట్లో కూర్చుని నేను ఏడ్చిన రోజులున్నాయి. మావారికి అది తెలియడానికి చాలా రోజులు పట్టింది, ఎందుకంటే ఆయన పన్నెండు నిమిషాలు నిజంగానే పన్నెండు నిమిషాలు.

అగ్రిమెంటులో ఆరు నెలల తర్వాత నోటీసిచ్చి ఖాళీ చేసే వీలుంది కాబట్టి బతికిపోయాం. తర్వాత హ్యారో వైపు ఒక పాత ఇంటికి మారాం. చిన్న ఇల్లు, ఎక్కితే కిర్రుమనే మెట్లు, ఆఫీసుకి యాభై నిమిషాలు. కానీ బడి ఏడు నిమిషాల నడక. ఆ ఇంట్లో పదేళ్లకు పైగా ఉన్నాం.

అప్పటినుంచీ ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. మధ్యాహ్నం మూడున్నరకి ఆ వీధి ఎలా ఉంటుందో చూడండి. అక్కడ ప్రైమరీ బడి మూడుంపావుకో మూడున్నరకో వదులుతారు. మనలాగా బస్సు ఎక్కించి పంపడం మామూలు బళ్లలో ఉండదు. చిన్నపిల్లల్ని తీసుకెళ్లే మనిషి కంటబడితే గానీ టీచర్ చెయ్యి వదలదు. అంటే ఇంట్లో ఎవరో ఒకరు రోజూ మూడున్నరకి ఆ గేటు దగ్గర నిలబడాలి. వానలో, చలిలో, జ్వరంలో. ఇద్దరూ ఉద్యోగం చేస్తే బడి తర్వాత ఐదున్నర, ఆరు దాకా పిల్లల్ని చూసుకునే ఆఫ్టర్ స్కూల్ క్లబ్బు ఉండాలి. దానికి వేరే డబ్బులు, చాలాచోట్ల వెయిటింగ్ లిస్టు. ఇక్కడ అమ్మమ్మ చేసే పని అది. ఆ ఊళ్లో ఆ పనికి ఎవరున్నారన్నదే మీరు ఎక్కడ ఉండాలో తేలుస్తుంది. కిరాయి లెక్క ఆ తర్వాతే.

ఆ గేటుకి ఇంకో గుణం ఉంది. ఊళ్లో ఎవరూ తెలియని మనిషికి మొదటి స్నేహాలు దొరికేది అక్కడే. రోజూ పది నిమిషాలు పక్కపక్కన నిలబడితే నెలకి మాట కలుస్తుంది, రెండో నెలకి పుట్టినరోజు పిలుపు వస్తుంది, మూడో నెలకి ‘నాకు ఆలస్యమవుతోంది, మా వాణ్ణి కూడా తీసుకురాగలరా’ అని ఫోను వస్తుంది. ఇరుగుపొరుగంటే అక్కడ అదే. బడికి బస్సులో వెళ్లే పిల్ల తల్లికి ఆ పది నిమిషాలు దొరకవు.

సీట్లు ఎలా ఇస్తారో చెప్తాను. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి, రాసుకోండి. ప్రభుత్వ బడుల్లో ఫీజు లేదు, ఎంట్రన్స్ లేదు, డొనేషన్ లేదు. సిఫారసు పనిచేయదు. సీటు అడ్రసుని బట్టి వస్తుంది. లండన్ అంటే ఒక మున్సిపాలిటీ కాదు. 32 బరోలు, వాటితోపాటు సిటీ ఆఫ్ లండన్. ప్రతి బరోకి తన కౌన్సిల్ ఉంటుంది. సీట్ల దరఖాస్తు ఆ కౌన్సిల్‌కే పెట్టాలి. అక్కాతమ్ముళ్లు అదే బడిలో ఉంటే వాళ్లకి ముందు ఇస్తారు. చర్చి బడులైతే చర్చికి వెళ్లేవాళ్లని చూస్తారు. మిగతావి దాదాపు అన్నీ దూరాన్ని బట్టే. చాలా కౌన్సిళ్లు ఇంటినుంచి బడికి సరళరేఖలో కొలుస్తాయి. నిరుడు ఆఖరి సీటు ఎంత దూరంలో ఉన్న పిల్లకి దక్కిందో కౌన్సిల్ ఏటా వేసే పుస్తకంలో బడి బడికీ ఉంటుంది. అది మైళ్లలో ఉంటుంది. 0.3 మైళ్లంటే అర కిలోమీటరు కూడా లేదు. అంటే ఒక బడికి బాగా పేరుంటే, దానికి రెండు గల్లీల అవతల ఇల్లు తీసుకున్నా సీటు రాకపోవచ్చు. ‘ఫలానా బడి ఏరియాలోనే ఉంది సార్’ అని ఏజెంటు చెప్పే మాటకీ, ఆ పుస్తకంలో అంకెకీ మధ్య మీ పాప మారాల్సిన రెండు బస్సులు ఉంటాయి.

వయసు లెక్క కూడా మనకి వేరు. వాళ్ల విద్యా సంవత్సరం సెప్టెంబరు 1తో మొదలవుతుంది. నాలుగేళ్లు నిండిన తర్వాత వచ్చే సెప్టెంబరులో రిసెప్షన్ అనే క్లాసులో చేరతారు. ఇక్కడ మీవాడు ఏ క్లాసు చదివాడన్నది మామూలుగా చూడరు, పుట్టిన తేదీ చూస్తారు. ఇక్కడ యూకేజీలో ఉన్న పిల్లాడు అక్కడ ఇయర్ వన్‌లో కూర్చుంటాడు. కంగారు పడకండి. రిసెప్షన్‌కి దరఖాస్తు ఆఖరు తేదీ జనవరి 15, ఫలితం ఏప్రిల్ 16న. హైస్కూలు, అంటే ఇయర్ సెవెన్‌కి, అక్టోబరు 31 ఆఖరు, ఫలితం మార్చి 1న. సెలవు పడితే ఆ తర్వాతి పనిదినం.

కానీ మీలో చాలామంది ఈ తేదీల ప్రకారం వెళ్లరు. ప్రాజెక్టు మొదలైనప్పుడు వెళ్తారు. మధ్యలో చేరడానికి వేరే దరఖాస్తు ఉంటుంది. ఖాళీ ఉన్న చోట ఇస్తారు. రిసెప్షన్, ఇయర్ వన్, ఇయర్ టూ క్లాసుల్లో ఒక టీచరుకి 30 మందికి మించకూడదని చట్టం. ముప్ఫై నిండితే బడి మీ ఇంటి ఎదురుగా ఉన్నా ముప్ఫై ఒకటో పిల్లని తీసుకోవడం కష్టం. అందుకని ముందు ఇల్లు, తర్వాత బడి అనుకోకండి. ముందు ఖాళీ ఎక్కడుందో తెలుసుకోండి. ఇప్పుడు లండన్ నడిబొడ్డున చాలా బరోల్లో పిల్లల సంఖ్య తగ్గుతోంది, కొన్ని ప్రైమరీ బళ్లు మూతపడుతున్నాయి కూడా. మేము వెళ్లినప్పటి కంటే మీకు ఖాళీలు దొరికే అవకాశం ఎక్కువ.

దీనికోసం హైదరాబాద్ నుంచే ఫోన్ చెయ్యొచ్చు. చాలామందికి ఈ ధైర్యం రాదు. బడి ఆఫీసులో ఫోనెత్తే ఆవిడకి మీ వీసా సంగతి అక్కర్లేదు, మీ జీతం సంగతి అక్కర్లేదు. ‘మేము ఇండియా నుంచి వస్తున్నాం, ఇయర్ టూలో ఖాళీ ఉందా, వెయిటింగ్ లిస్టులో ఎంతమంది’ అని అడిగితే చెప్తుంది. ఎండాకాలంలో మనకీ వాళ్లకీ నాలుగున్నర గంటల తేడా, చలికాలంలో ఐదున్నర. మన టైం మధ్యాహ్నం మూడున్నర, నాలుగుకి చేస్తే వాళ్లకి పొద్దున పది, పదకొండున్నర మధ్య. పిల్లలు క్లాసుల్లోకి వెళ్లిపోయి ఆఫీసు కాస్త తీరికగా ఉండే వేళ అది. నాలుగు బళ్లకి చేస్తే ఒకటి రెండు చోట్ల ఖాళీ తేలుతుంది. ఆ బడి చుట్టూ మ్యాపులో నడిచి వచ్చే దూరం గీసుకుని ఇళ్లు వెతకండి. దరఖాస్తు మాత్రం చాలా కౌన్సిళ్లు మీరు అక్కడికి చేరి అడ్రసు రుజువు చూపించాకే తీసుకుంటాయి.

అడ్రసు రుజువు అన్నాను కదా. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది దీని దగ్గరే. డబ్బు మిగులుతుందని, తోడు దొరుకుతుందని, తెలిసినవాళ్ల ఇంట్లో ఒక గది తీసుకుంటారు. ఆ ఇల్లు వాళ్లకే కిరాయిది. ఓనరుకి మీరున్నట్టు తెలియదు. అగ్రిమెంటులో మీ పేరుండదు, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులో మీ పేరుండదు. బడికి దరఖాస్తు పెట్టే రోజున అడ్రసు రుజువు అడిగితే ఇచ్చేందుకు కాగితం ఉండదు. ఓనరుకి తెలిస్తే మీకు గది ఇచ్చిన ఆ స్నేహితుడి ఇల్లే పోవచ్చు. బ్రహ్మచారులుగా వెళ్లినప్పుడు గడిచిపోయిన ఏర్పాటు పిల్లలతో గడవదు. మొదటి నాలుగు వారాలు తాత్కాలికంగా ఎక్కడున్నా ఫరవాలేదు. ఆ తర్వాత మాత్రం మీ పేరు మీద ఇల్లుండాలి. ఈ ఒక్కటి నా మాట వినండి.

తొమ్మిది, పది చదివే పిల్లలున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీరా అమ్మా? వాళ్లకి మన టెన్త్ లాంటి జీసీఎస్ఈ పరీక్షల చదువు ఇయర్ టెన్, ఇయర్ లెవెన్ రెండేళ్లది. మధ్యలో చేరితే ఆ బడి ఎంచుకున్న సబ్జెక్టులు, బోర్డు వేరుగా ఉంటాయి. వీలైతే ఇయర్ టెన్ మొదట్లో, సెప్టెంబరుకే చేరేట్టు చూసుకోండి. ఆఫీసువాళ్లని ఒక నెల ముందుకో వెనక్కో అడగడం మీకు తప్పుగా అనిపించొచ్చు. అడగండి. పిల్లకి ఆ నెల విలువ చాలా ఎక్కువ.

గ్రామర్ స్కూళ్ల గురించి తప్పకుండా అడుగుతారు కాబట్టి నేనే చెప్పేస్తాను. పరీక్ష రాసి చేరే ప్రభుత్వ బళ్లు అవి. సటన్, కింగ్‌స్టన్, బార్నెట్, బెక్స్‌లీ, బ్రోమ్లీ, రెడ్‌బ్రిడ్జ్ లాంటి కొన్ని బరోల్లోనే ఉన్నాయి. పరీక్ష ఇయర్ సిక్స్ మొదట్లోనే, సెప్టెంబరు ప్రాంతంలో ఉంటుంది. పేరు అంతకుముందే నమోదు చేసుకోవాలి. మన ఐఐటీ ఫౌండేషన్ కోచింగుల ధోరణి అక్కడి మనవాళ్లలోకీ వచ్చేసింది. ఎనిమిదేళ్ల పిల్లకి ట్యూషన్లు పెట్టి, గ్రామర్ స్కూలు ఉందని అలవిగాని కిరాయికి ఆ బరోకి మారిన కుటుంబాలు నాకు తెలుసు. నా అభిప్రాయం అడిగితే, ఐదేళ్ల పిల్లతో వెళ్లేవాళ్లు పదకొండో ఏటి పరీక్ష కోసం ఇల్లు ఎంచుకోవద్దు. ఆ పిల్లకి ముందు ఆరేళ్ల ప్రైమరీ జీవితం ఉంది.

బడి మంచిదో కాదో ఆఫ్‌స్టెడ్ అనే సంస్థ తనిఖీ చేసి రిపోర్టు ఇస్తుంది. ‘అవుట్‌స్టాండింగ్’ అని ఒక్క మాటలో తీర్పు ఇచ్చే పద్ధతి ప్రభుత్వ బడులకి 2024 సెప్టెంబరులో తీసేశారు. 2025 నవంబరు నుంచి విడివిడి అంశాల మీద రిపోర్టు కార్డు ఇస్తున్నారు. కాబట్టి ఏజెంటు ప్రకటనలో ఆ మాట కనబడితే అది పాత తనిఖీది. తేదీ చూడండి. రిపోర్టు మొత్తం చదవండి, నాలుగైదు పేజీలే. ఇంగ్లీషు మాతృభాష కాని పిల్లల గురించి ఏం రాశారో వెతికి చదవండి. మా పాప మొదటి నెల క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంగ్లీషు రాక కాదు, వాళ్ల యాస అందక. అలాంటి పిల్లల్ని చూసి చూసి ఉన్న టీచర్ కాబట్టి కంగారు పెట్టలేదు.

వెనకాల అమ్మ ఏదో అడుగుతున్నారు. మైకు ఇవ్వండి. ... ‘మన తెలుగువాళ్లు ఎక్కువ ఉండే చోటే తీసుకోవాలా?’ అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న.

తూర్పున ఈస్ట్‌హామ్‌లో దక్షిణాది కొట్లు, హోటళ్లు వరసగా ఉంటాయి. హై స్ట్రీట్ నార్త్‌లో మహాలక్ష్మి గుడి, కాస్త దూరంలో మురుగన్ కోవెల ఉన్నాయి. పడమట హౌన్స్‌లోలో మనవాళ్లు బాగా ఉన్నారు. హ్యారో, వెంబ్లీలలో గుజరాతీలు, తమిళులు ఎక్కువ. కరివేపాకు, మునక్కాడ, మినప్పప్పు కాళ్లకి అందే దూరంలో దొరుకుతాయి. కొత్తగా వెళ్లిన ఆడమనిషికి, ముఖ్యంగా డిపెండెంటు వీసా మీద ఇంట్లో ఉండిపోయే మనిషికి, మొదటి ఆరు నెలలు అది చిన్న విషయం కాదు. ఒంట్లో బాగాలేనప్పుడు చారన్నం పంపే ఇల్లు ఒకటి ఉండాలి. కానీ ఒకటో రెండో చాలు అంటాను నేను. వీధి వీధంతా మనవాళ్లే అయితే పదేళ్లున్నా పక్క మనిషితో మాట కలవదు. మన కులాల లెక్కలు, జీతాల లెక్కలు, ఎవరి పిల్లకి ఎన్ని మార్కులన్న లెక్కలు అన్నీ విమానం దిగి అక్కడికే వస్తాయి. పదిహేను నిమిషాల దూరంలో ఒక తెలుగు ఇల్లు, పక్కింట్లో ఎవరైనా సరే. మాకు ఒక పక్క పోలండ్ నుంచి వచ్చిన కుటుంబం, ఇంకో పక్క ఒక ఐరిష్ ముసలావిడ. మా అమ్మాయికి సైకిల్ నేర్పింది ఆ పోలండ్ ఆయనే.

ఇంకో మాట, ఏ ఏరియా పేరు చెప్పినా దాని లోపల వీధికీ వీధికీ తేడా ఉంటుంది. హౌన్స్‌లోనే తీసుకోండి. హీత్రూలో దిగే విమానాల దారి దాని మీదుగానే. పడమటి గాలి వీచే రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో విమానాలు తూర్పునుంచి, లండన్ మీదుగా వచ్చి దిగుతాయి. రెండు రన్‌వేలు ఉంటాయి. మధ్యాహ్నం మూడుకి దిగే రన్‌వే మారుస్తారు, జనానికి సగం రోజైనా ఊరట ఇవ్వడానికి. కాబట్టి పొద్దున ఇల్లు చూసి ఎంత నిశ్శబ్దంగా ఉందో అనుకుంటే, సాయంత్రానికి మాట మాటకీ ఆగాల్సి రావొచ్చు. చంటిపిల్లలున్నవాళ్లు అక్కడ ఇల్లు రెండు పూటలా చూడండి.

ఆఫీసు దూరం సంగతి త్వరగా చెప్పేస్తాను, అది మీరు ఎలాగూ చూస్తారు. అక్కడ రైలు టికెట్ల కోసం ఊరిని జోన్లుగా విడదీశారు, నడిమధ్య ఒకటో జోను. జోను నంబరు చూసి దూరం అనుకోకండి. ఈస్ట్ క్రోయిడన్ ఐదో జోను, కానీ ఫాస్ట్ రైలెక్కితే నడిమధ్యలో ఉన్న లండన్ బ్రిడ్జి స్టేషనుకి పావుగంట. రెండో జోనులో ఉండి రెండు బస్సులు మారే మనిషికి అంతకంటే ఎక్కువ పడుతుంది. 2022 మేలో ఎలిజబెత్ లైన్ మొదలయ్యాక పడమట రీడింగ్, హీత్రూల నుంచి తూర్పున షెన్‌ఫీల్డ్, ఆబీ వుడ్‌ల దాకా ఒకే లైను మీద చాలా ఊళ్లు దగ్గరయ్యాయి. కెనరీ వార్ఫ్‌లో ఆఫీసు ఉన్నవాళ్లు ఆ లైను పొడుగునా వెతకండి. పదకొండేళ్ల లోపు పిల్లలకి బస్సులు ఉచితం, టికెట్టున్న పెద్దవాళ్లతో వెళ్తే ట్యూబ్, అంటే అక్కడి మెట్రో, కూడా ఉచితం. పెద్దవాళ్లు ఇరవై నిమిషాలు ఎక్కువ ప్రయాణం చేసినా ఫరవాలేదు, రైల్లో చదువుకుంటారు. ఆ ఇరవై నిమిషాలు పిల్లల నెత్తిన పెట్టకండి.

ఇల్లు చూసేటప్పుడు మనం మొదట అడిగేది తూర్పు వాకిలా, ఉత్తరం వాకిలా అని. దక్షిణం అంటే ఇక్కడ వెనకాడతాం. అక్కడ దక్షిణం ముఖం ఉన్న గదులకే డిమాండు. సూర్యుడే కారణం. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. లండన్‌లో 15 డిగ్రీలే. దక్షిణం ఆకాశంలో కింది అంచున అలా పాకి, నాలుగు కాకముందే వెళ్లిపోతాడు. ఉత్తరం గదికి నెలల తరబడి ఎండ తగలదు. ఎండ తగలని గోడకి తడి పడుతుంది, తడి పట్టిన గోడకి నల్ల బూజు వస్తుంది. మన వంటలో ఆవిరి ఎక్కువ, కుక్కర్లు, పప్పులు, చారు. బట్టలు కూడా ఇంట్లోనే ఆరేస్తాం. కిటికీలు చలికి తెరవం. పిల్లకి రాత్రిళ్లు దగ్గు. మందులు మార్చి మార్చి, చివరికి బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా నలుపు. మా మొదటి చలికాలంలో మాకు జరిగిందే చెప్తున్నాను. ఇల్లు చూసేటప్పుడు బీరువాల వెనక, కిటికీ మూలల్లో, బాత్రూం పైకప్పు మీద చూడండి. ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంటే ఎందుకని అడగండి. వంటింట్లో, బాత్రూంలో ఆవిరి లాగే ఫ్యాను తిరుగుతోందా, కిటికీలు డబుల్ గ్లేజింగా, అంటే రెండేసి అద్దాలవా అని చూడండి. ఇంటి వెచ్చదనానికి ‘ఏ’ నుంచి ‘జీ’ దాకా అక్షరం ఇచ్చే ఈపీసీ సర్టిఫికెట్ ఉంటుంది. ‘ఈ’ అక్షరం కంటే తక్కువ ఉన్న ఇల్లు మామూలుగా కిరాయికి ఇవ్వకూడదు. ‘సీ’ ఉంటే గ్యాసు బిల్లు చూసి భయపడక్కర్లేదు.

వాన నీళ్ల భయం అక్కడా ఉంది. ఇంగ్లండ్‌లో ఏ పోస్ట్‌కోడు కొట్టినా నదివల్ల ముప్పెంత, వాన నీటివల్ల ముప్పెంత అని చూపించే ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది. బేస్‌మెంట్ ఫ్లాట్లు కిరాయి తక్కువని తీసుకునేవాళ్లు ముందు అది చూసుకోండి. అలాగే పోలీసులు వీధి వీధికీ నెల నెలా నేరాల మ్యాపు పెడతారు. అది చూసి హడలిపోకండి, చదవడం తెలియాలి. స్టేషను దగ్గర, బజారు దగ్గర చుక్కలు ఎప్పుడూ ఎక్కువే, జనం తిరిగే చోటు కాబట్టి. మీరు చూడాల్సింది మీ ఇంటినుంచి బడికి, బస్టాపుకి నడిచే దారి. చీకటి పడ్డాక ఆ దారిలో లైట్లున్నాయా, కొట్లు తెరిచి ఉంటాయా, రైలు పట్టాల కింద సొరంగం దారి దాటాలా. ఎవరైనా తెలిసినవాళ్లు అక్కడుంటే సాయంత్రం ఆరింటికి వీడియో కాల్ పెట్టి ఆ దారి నడవమనండి. ఇంటి లోపలి వీడియో కంటే నాకు ఆ వీడియో ముఖ్యం.

డబ్బు సంగతి. ఇంగ్లండ్‌లో 2019 జూన్ నుంచి ఏజెంట్లు కిరాయిదారుల దగ్గర ఫీజు తీసుకోకూడదు. మనలాగా నెల కిరాయి బ్రోకరేజి ఉండదు, అడిగితే ఇవ్వకండి. ఇల్లు ఆపి ఉంచడానికి ఒక వారం కిరాయికి మించి తీసుకోకూడదు. డిపాజిట్ మామూలు ఇళ్లకి ఐదు వారాల కిరాయికి మించకూడదు. నెలకి 1,800 పౌండ్లనుకుంటే డిపాజిట్ 2,076 పౌండ్ల దగ్గర ఆగాలి. ఆ డబ్బుని 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ రక్షణ స్కీములో పెట్టి మీకు కాగితం ఇవ్వాలి. అక్కడ క్రెడిట్ చరిత్ర లేదని మా దగ్గర ఆరు నెలల కిరాయి ముందే తీసుకున్నారు. ఇక్కడ స్థలం మీద అప్పు తెచ్చి కట్టాం. 2025లో వచ్చిన కొత్త కిరాయి చట్టంలో ఒక నెలకి మించి కిరాయి ముందే అడగకూడదన్న నిబంధన ఉంది, 2026 మే 1 నుంచి అమలు. కౌన్సిల్ ట్యాక్స్ మాత్రం ఓనరు కాదు, ఇంట్లో ఉండేవాళ్లు కట్టాలి. బరో బరోకి చాలా తేడా. వెస్ట్‌మినిస్టర్, వాండ్స్‌వర్త్‌లలో తక్కువ, కింగ్‌స్టన్‌లో ఎక్కువ. కిరాయితో కలిపి లెక్కేసుకోండి.

ఇక్కడి నుంచి ఎవరికీ డబ్బు పంపకండి. ఇల్లు చూడకుండా, తాళం చేతికి రాకుండా, ‘డిమాండు చాలా ఉంది మేడం, రేపటికల్లా డిపాజిట్ వెయ్యండి’ అన్నవాడికి అసలు పంపకండి. లేని ఇంటి ఫోటోలు పెట్టి డబ్బు గుంజే మోసాలు ఎక్కువ. వీలైతే ఒకరు ముందు వెళ్లడం, లేదా అందరూ వెళ్లి నాలుగైదు వారాలు తాత్కాలిక వసతిలో ఉండి వెతుక్కోవడం. ఆ నెల ఖర్చు దండగ అనిపిస్తుంది. ఏడాది తప్పు ఇంట్లో ఉండటం కంటే తక్కువే అవుతుంది.

ఇంట్లో ఉండే మనిషి గురించి చెప్పకుండా ముగించలేను. ఆ మనిషి భార్య కావొచ్చు, ఈ మధ్య చాలామంది భర్తలూ డిపెండెంటుగా వెళ్తున్నారు. ఆఫీసుకి వెళ్లే మనిషికి ఊరు దానంతటదే పరిచయమవుతుంది. ఇంట్లో ఉండే మనిషికి కాలినడకన ఎంత దూరముంటే అంతే ఊరు. అందుకని చంటిపిల్ల బండి తోసుకుంటూ పదిహేను నిమిషాల్లో ఏమేం చేరొచ్చో లెక్కపెట్టండి. లైబ్రరీ ఉందా చూడండి. కౌన్సిల్ లైబ్రరీలు ఉచితం. చాలావాటిలో పసిపిల్లలకి పాటలు పాడించే గంట ఉంటుంది, తల్లులంతా నేలమీద కూర్చుంటారు. చర్చి హాళ్లలో చిన్నపిల్లల ఆటల గ్రూపులుంటాయి, మతంతో పనిలేదు, ఎవరైనా వెళ్లొచ్చు. ఊయలలున్న పార్కు ఉందా, వానొస్తే తలదాచుకునే చోటుందా. డాక్టరు, అంటే జీపీ, ఒక్కొక్కరికీ ఒక పరిధి ఉంటుంది. మీ పోస్ట్‌కోడు ఏ జీపీ కిందికి వస్తుందో, కొత్తవాళ్లని చేర్చుకుంటున్నారో ముందే చూసుకోండి. దిగిన వారంలోనే పేరు రాయించుకోండి, జ్వరం వచ్చేదాకా ఆగకండి. జీపీ దగ్గర చేరడానికి అడ్రసు రుజువు తప్పనిసరి కాదు. లేదని వెనక్కి పంపితే ఈ మాట చెప్పండి.

నాకు ఆ లైబ్రరీయే ఆధారమైంది. మంగళవారం పదింటికి ఆ పాటల గంటకి వెళ్లేదాన్ని, అప్పటికి మా బాబు పుట్టాడు. అక్కడే ఒకావిడ పరిచయమై, ఆవిడ చెప్తేనే బడిలో లంచ్ టైం అసిస్టెంటు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. అద్దాల టవరులో ఉండి ఉంటే ఆ ఉద్యోగం లేదు, ఈ రోజు మీతో చెప్పడానికి ఇన్ని మాటలూ లేవు.

తాతగారు చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంచారు, చెప్పండి. ... ‘మేము విజిటర్ వీసా మీద ఆరు నెలలు వస్తాం, మా సంగతేంటి?’ అంటున్నారు.

మీ సంగతి అందరూ మర్చిపోతారు తాతగారూ. ఇల్లు చూసే రోజున వీళ్లెవరికీ మీ మోకాళ్లు గుర్తుండవు. పాత ఇళ్లలో బాత్రూం పైనే ఉంటుంది, మెట్లు నిటారుగా ఉంటాయి. కింద ఒక టాయిలెట్ ఉన్న ఇల్లు చూడమని మీ అబ్బాయికి ఇప్పుడే చెప్పండి. లిఫ్టు లేని మూడో అంతస్తు అసలొద్దు. ఇంటినుంచి పార్కుకి వెళ్లే దారిలో కూర్చోవడానికి బెంచీలు ఉన్నాయో లేదో చూడమనండి. ఎండాకాలంలో రండి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది. మా నాన్నగారు రెండుసార్లు వచ్చారు. మధ్యాహ్నం మూడుంపావుకి గొడుగు పట్టుకుని పాపని తీసుకురావడానికి ఆయనే బయల్దేరేవారు. ఇంగ్లీషు అంతంతమాత్రం. గేటు దగ్గర ఒక బెంగాలీ తాతగారితో వాతావరణం గురించి సైగలతో మాట్లాడుకునేవారు. ఆయన రెండోసారి వెళ్లేసరికి ఆ బెంగాలీ ఆయన దూరం నుంచే గుర్తుపట్టి చెయ్యి ఊపారట.

ల్యాప్‌టాప్ తెచ్చాను, ఆ టేబుల్ దగ్గర కూర్చుంటాను. చూసి పెట్టుకున్న ఇళ్ల పోస్ట్‌కోడులు ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకురండి. పిల్లలెంతమందో, పుట్టిన తేదీలేంటో చెప్పండి. ఇంటి గుమ్మం నుంచి బడి గేటు దాకా మ్యాపు మీద ఒకసారి నడిచి చూద్దాం. బయట టీ పెట్టారు, ముందు తాగేసి రండి.